గోడ దాటిన చమురు

న్యూయార్కు మహానగరమున బ్రూక్లిన్ ప్రాంతమునకు చెందిన గ్రీన్‌పాయింటు అను పేటలో 1950వ సంవత్సరమున ఒకనాడు వీథి నడుమ మురుగుకాలువ పేలి, మ్యాన్‌హోలు మూతలు గాలిలోని కెగిరి, ఇరుప్రక్కల ఇండ్ల కిటికీ అద్దములు భగ్నమైనవి. ఆ పేటను ఆనుకొని పారు న్యూటౌన్ క్రీకు ఒడ్డున పందొమ్మిదవ శతాబ్దము నుండియు చమురుశుద్ధి కర్మాగారములును నిల్వట్యాంకులును బారులు తీరియుండగా, కాలువలో పేలిన ఆవిరి ఎచ్చటిదో ఊహించుటకు గొప్ప పాండిత్య మక్కరలేదు. ఐనను 1978లో తీరరక్షకదళపు హెలికాప్టరు ఆ క్రీకుపై తిరుగుచు నీటిమీది చమురు తెట్టును చూచువరకు నేలక్రింది సంగతి బయటపడలేదు. పిదప వెదకి వేసిన లెక్కలో, యాభై ఎకరములకు పైబడిన నేలక్రింద 1 కోటి 70 లక్షల గ్యాలన్ల చమురు నిలిచియున్నట్లు తేలినది. 1989లో అలాస్కా తీరమున ఎక్సాన్ వాల్డెజ్ నౌక ఒలికించినది 1 కోటి 10 లక్షల గ్యాలన్లు మాత్రమే. కాని నల్లబడిన పక్షుల ఛాయాచిత్రములు లోకమంతయు చూచినది, గ్రీన్‌పాయింటు చమురునకు ఛాయాచిత్రము లేదు.

ఆ చమురును తోడుట 1990 నాటి ఒప్పందములతో ఊపందుకొన్నను, నదీరక్షణ సంఘమువారు 2004లో న్యాయస్థానము నాశ్రయించి, రాష్ట్ర ప్రభుత్వమును వ్యాజ్యమునకు దిగిన పిమ్మటగాని 2010లో ఆ చమురునకు బాధ్యత వహింపవలసిన ఎక్సాన్‌మొబిల్ సంస్థ రెండున్నర కోట్ల డాలర్లకు రాజీపడలేదు. పేలుడు జరిగిననాడు ఉయ్యాలలోనున్న శిశువు ఆనాటికి అరువదవ పడిలో పడినాడు.

ఇంత కాలమేల పట్టుననువారు బావిలోనికి తొంగిచూడవలయును. చమురు నీటికంటె తేలిక యగుటచే భూగర్భజలముపై తేలియుండును. పరీక్షకై త్రవ్విన గొట్టపుబావిలోనికి టేపు కొనకు కట్టిన సూచికను దింపినప్పుడు, చమురు తగిలినంతసేపు ఎడతెగక మ్రోగి, నీరు తగిలినంతనే ఆగియాగి మ్రోగును; ఆ రెండు లోతుల భేదమే చమురు మందము. అయితే బావిలో కనబడు మందము చుట్టునున్న మట్టిలోని దానికంటె తరచుగా హెచ్చుగా నుండును. అదియునుగాక, వేసవిలో నీటిమట్టము దిగజారగా చమురును వెంట దిగి, వానలకు నీరు పైకి లేచినపుడు కొంత మట్టిరేణువుల సందులలో నీటిక్రిందనే చిక్కుపడిపోవును. అప్పుడు బావిలో చమురు కనబడదు. కనబడలేదు గనుక పోయినదని నివేదిక వ్రాయువారును లేకపోలేదు! పంపుతో ఎంత తోడినను, పిండిన గుడ్డలో తడివలె, మట్టిలో మిగులునది మిగులుచునే యుండును. ఆ మిగిలినదానినుండియే బెంజీను కొంచెముకొంచెముగ నీట కరగి, నీటితోపాటు కర్మాగారపు గోడ దాటి, ఊరివైపు సాగును. రక్తపు క్యాన్సరునకు హేతువగు ఆ పదార్థము త్రాగునీటిలో లీటరునకు 5 మైక్రోగ్రాములకు మించరాదని అమెరికాలో నియమము. అంత సూక్ష్మమైన దానిని కొలువబూనినవాడు 40 మిల్లీలీటర్ల గాజుసీసాను అంచువరకు నింపి, మూత బిగించి, తలక్రిందులు చేసి, ఒక్క బుడగ కనబడినను పారబోసి మరల పట్టవలయును; లేనిచో బెంజీను బుడగలోనికి ఆవిరియై, కాగితముపై నీరు నిర్మలమగును.

ప్రకృతియే శుద్ధి చేయునను వాదమును నేను త్రోసిపుచ్చను. మిన్నెసోటాలోని బెమిడ్జీ యొద్ద 1979లో గొట్టము పగిలి సుమారు 17 లక్షల లీటర్ల ముడిచమురు చిమ్మగా, నాల్గింట మూడువంతులు తొలగించిరి. మిగిలినదానిని 1983 నుండి అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థవారు పరిశీలించుచు, మట్టిలోని సూక్ష్మజీవులే చమురును తినుచు బెంజీను వ్యాప్తిని నెమ్మదింపజేయుచున్నవని నిరూపించిరి. కాని ఆ మాట చెప్పగల అధికారము వారికి దశాబ్దుల కొలతలవలన వచ్చినది. కొలువక ప్రకృతిపై భారము వేయుట శాస్త్రము కాదు, సోమరితనము.

ఇక మన యొద్దనో, విశాఖపట్టణమున 1957 నుండి చమురుశుద్ధి కర్మాగారము నడచుచున్నది. ట్యాంకు డిపోలును, నేలలో ట్యాంకులు పూడ్చిన పెట్రోలు బంకులును లేని పట్టణము మనకు లేదు. కలుషిత స్థలముల విషయమై కేంద్రము 2025లో నియమములు చేయుట మెచ్చదగినదే. ఐతే అందలి ప్రక్రియ అనుమానిత స్థలముల జాబితాతో మొదలగును. నేలక్రింది చమురు అనుమానము కలిగించుసరికే ఆలస్యమగును గనుక, చమురు నిల్వయుండు ప్రతి పెద్ద స్థలమునకును, నీరు పారు దిక్కున, గోడకు లోపలను వెలుపలను పరీక్షాబావులు ముందుగనే యుండవలయును. వానకాలమునకు ముందొకసారియు, తరువాత నొకసారియు నీరు పట్టవలయును. వ్యయము కంపెనీది కావలెనుగాని, సీసా పట్టు చేయి కంపెనీది కారాదు. వచ్చిన అంకెలు కాలుష్య నియంత్రణ మండలికి చేరిననాడే వార్డు సచివాలయపు గోడమీదను తెలుగులో అంటింపవలయును; దిగువనున్న ఇంటి బోరునీటిలో బెంజీను పొడసూపినచో, ఆ ఇంటివారికి కబురును కొళాయినీటి కనెక్షనును ఒకేదినమున అందవలయును.