ఏ ఔన్సు? ఏ తులం?

పసిడి ధరల వార్త రోజూ ఒకే తీరులో వస్తుంది. అంతర్జాతీయ మార్కెట్‌లో ఔన్సు ఇన్ని డాలర్లు, హైదరాబాద్, విజయవాడల్లో పది గ్రాములు ఇన్ని రూపాయలు. ఈ రెండు ముక్కల మధ్య కొలత మారిపోయిన సంగతి ఎవరూ చెప్పరు. ఔన్సుకు ఎన్ని గ్రాములని ఫోన్‌లో వెతికితే సాధారణంగా 28.35 అని వస్తుంది. అది అమెరికాలో కిరాణా సరుకు తూచే ఔన్సు. బంగారం, వెండి తూచేది ట్రాయ్ ఔన్సు, అంటే 31.1035 గ్రాములు. లెక్క కోసం ఔన్సు 2,000 డాలర్లు అనుకుందాం. ట్రాయ్ ఔన్సుతో కడితే పది గ్రాములు 643 డాలర్లు, ఫోన్ చూపిన ఔన్సుతో కడితే 705 పైనే. భాగహారంలో తప్పేమీ లేదు, అయినా దాదాపు పది శాతం తేడా! పౌను దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. ట్రాయ్ పౌనుకు 12 ఔన్సులే కాబట్టి అది 373 గ్రాములు, మామూలు పౌను 453.6 గ్రాములు. అందుకే ‘యాప్ ఉండగా ఈ గొడవంతా దేనికి?’ అనేవారితో ఏకీభవించలేం. యాప్ లెక్క కడుతుంది కానీ, మనం అడగాల్సింది ఏ ఔన్సో మనకు చెప్పదు.

ఇది పరాయి కొలతలకే పట్టిన తెగులనుకుంటే పొరపాటే. బ్రిటిష్ హయాంలో తులమంటే 180 గ్రెయిన్లు, సరిగ్గా మూడు ఎనిమిదో వంతుల ట్రాయ్ ఔన్సు, మన లెక్కలో 11.66 గ్రాములు. 1956 నాటి చట్టంతో మెట్రిక్ తూకాలు అంచెలంచెలుగా వచ్చాయి. పాత తులం పోయినా పేరు మాత్రం పోలేదు, పది గ్రాములకు అతుక్కుంది. 2023 తెలంగాణ ఎన్నికల్లో ‘తులం బంగారం’ హామీ విన్నవారంతా పది గ్రాములనే అర్థం చేసుకున్నారు. కోస్తాలో కాసంటే ఎనిమిది గ్రాములు. అదీ 7.988 గ్రాముల బ్రిటిష్ సవరను బరువును సర్దుకున్నదే. పాత తులం ఇంకా సజీవంగా ఉన్నది దొంగ బంగారంలో! విమానాశ్రయాల్లో పట్టుబడే బిస్కెట్ ఒక్కోటి 116.6 గ్రాములని చదివినప్పుడు ఆ అంకె వింతగా తోస్తుంది. అది అచ్చంగా పది పాత తులాలు.

‘కొనేవాడికీ అమ్మేవాడికీ తెలిసిన మాటే కదా, తులం అంటే నష్టమేమిటి?’ అని అడగొచ్చు. ఇవాళ్టి బేరంలో నష్టం లేదు, బిల్లు గ్రాముల్లోనే ఉంటుంది. మాట మానుకోమనడమూ భావ్యం కాదు, నాలుక మీది మాటను చట్టం చెరపలేదు. చిక్కంతా కాగితం కాలాన్ని దాటినప్పుడు వస్తుంది. 1950లో రాసిన నగల జాబితాలో ‘ఇరవై తులాలు’ అని ఉంటే అది 233 గ్రాములు. దాన్ని ఇప్పటి తులాలనుకొని పంచితే 33 గ్రాములు, అంటే నేటి లెక్కలో మూడు తులాలకు పైగా, ఎవరి వాటాలోనూ కనిపించకుండా పోతుంది. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ తప్పుగా తూచలేదు. ఒకే పేరు రెండు బరువులకు నిలబడింది, అంతే.

2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ధరలను ప్రామాణిక కొలతల్లోనే చెప్పాలంటోంది. ఆ స్ఫూర్తిని దుకాణాలకు వదిలేసి పత్రికలు తప్పుకోవడం సరికాదు. ‘ఔన్సు (31.1 గ్రా.)’ అని రాయడానికి పట్టే చోటెంత? చదువరులూ ఒక పని చేయాలి. ఇంట్లో పాత కాగితం మీద ‘తులాలు’ అని కనిపిస్తే, పంపకానికి కూర్చునే ముందు దాని తేదీ చూడండి.