చింతపల్లి బాట – తీరని కూలి

నర్సీపట్నము దాటి, డౌనూరు మీదుగా ఘట్టమెక్కి, లంబసింగి చేరి, అటనుండి చింతపల్లికిని, ఆపైని గూడెము, సీలేరు సీమలకును పోవు రహదారి నెరుగనివారు నేడరుదు. మార్గశిర పుష్యమాసములలో మంచు చూడగోరి మైదానవాసులు తండోపతండములుగా కార్లలో వచ్చుచున్నారు. లంబసింగిలో చలి కాచుకొని, కాఫీ త్రాగి దిగిపోవుచున్నారు. రావలదని మేమనము. కాని తామెక్కివచ్చిన ఆ మలుపులను త్రవ్విన వారెవరో వారిలో నెందరడిగిరి?

1882 నాటి మద్రాసు అటవీచట్టముతో మన్యమున పోడు నేరమైనది. అడవియే ఆధారముగా బ్రతికిన కొండవారు అన్నమునకు మొగము వాచిరి. అట్టివారినే ఈ బాటపనికి తోలిరి. నాటి గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియను కంట్రాక్టరుతో చేయి కలిపి, ఆరణాల కూలికి అణాయో రెండణాలో చేతబెట్టెననియు, అడిగినవారిని కొట్టించెననియు మన్యమున నేటికిని చెప్పుకొందురు. ఇంతకును ఆ బాట యెవరికొరకు? కొండవాడు సంతకు పోవుటకా? కలప క్రిందికి దిగుటకును, పోలీసు పైకెక్కుటకును గాదా!

ఆ యన్యాయమునకు ఎదురు నిలిచినవారిలో గాము గంటముదొర, అతని సోదరుడు మల్లుదొర ముఖ్యులు. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి ఠాణాపై బడెను. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు ఠాణాలలో 26 తుపాకులు వారి చేజిక్కినవి. బాటకు రాళ్లు మోసిన చేతులే ఆ తుపాకులను బట్టినవనుటలో వింత యేమున్నది? 1924 మే 7వ తేదీన కొయ్యూరుకడ రామరాజు కూలెను, మరుమాసమున గంటముదొర. మల్లుదొర మాత్రము అండమాను శిక్షననుభవించి తిరిగివచ్చి, 1952లో లోక్‌సభ సభ్యుడయ్యెను. బాట నిలిచినది. ఎగగొట్టిన కూలిలెక్కను మరల విప్పినవారు లేరు.

2022లో ఒక జిల్లాకు రామరాజు పేరిడిరి, సంతోషమే. రాజమహేంద్రవరమునుండి విజయనగరమునకు బోవు జాతీయ రహదారి కొయ్యూరు, చింతపల్లి, లంబసింగి, పాడేరుల మీదుగా సాగుచున్నది, అదియు మెచ్చవలసినదే. అయిన పెద్దబాటనంటని కొండపల్లెలనుండి నిండుచూలాలిని నేటికిని డోలీ గట్టి, వాగులు దాటించి, మోసి తెచ్చుచున్నారు. మంచు చూడవచ్చువారికి వెడల్పైన మార్గము, ప్రసవవేదన పడుదానికి వెదురుబొంగు! ఎవరి తాతలు త్రవ్విన బాట, ఎవరికి దక్కుచున్నది?

ప్రభుత్వమువారిని మేము కోరునది యెక్కువ గాదు. ఘట్టము మొదట ఒక రాతిపై ఆ కూలీల కథను చెక్కింపుడు. పెద్దబాటను ఇంకను వెడల్పు చేయకమునుపు, దానిని జేరు దారిలేని పల్లెల పేర్లు, ఒక్కొక్కదానికి బాట వేయు గడువు, తెలుగున వ్రాయించి చింతపల్లి సంతలో అందరికిని కానవచ్చునట్లు అతికింపుడు. ఆ పనులలో మన్యపుకూలిని మన్యమువారికే యిచ్చి, దినకూలిని దినముననే చెల్లింపుడు.