పురుగుకు ముందు దుకాణానికి కళ్లెం వేయాలి

మదనపల్లె ప్రాంతంలో టమాటా రైతు ఇంటి పెరట్లోకి వెళ్లి చూడండి. ఇంటి వాడకానికి నాలుగు టమాటా చెట్లుంటాయి. పురుగు పడితే ఆడవాళ్లు ఆకు తిప్పి చూసి ఏరి పారేస్తారు. పిల్లలు తినే కాయ గదా అని మందు జోలికి పోరు. అదే ఇంటివాళ్ల చేనులో మాత్రం మందు మీద మందు! పురుగు రెండు చోట్లా ఒకటే. పెరటికి సలహా చెప్పేది ఇంటి మనిషి, చేనుకు చెప్పేది మందుల దుకాణం. తేడా అక్కడుంది.

శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు చిగురాకుల మీద, పూత దగ్గర ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. కొద్ది రోజుల్లో పిల్ల పురుగు బయటికొస్తుంది. మందు తగిలేది అప్పుడే. తల కాయలో దూర్చాక ఎంత ఖరీదైన మందు కొట్టినా డబ్బు నేలపాలే. పొగాకు లద్దె పురుగు అట్లా కాదు, గుడ్లు కుప్పగా పెడుతుంది. పిల్ల పురుగులు గుంపుగా గీకిన ఆకు జల్లెడలా కనిపిస్తుంది. ఆ ఆకు తుంచి నలిపితే గుంపంతా పోతుంది. దీనికి బిల్లు పడదు, కాబట్టి దుకాణంలో ఎవరూ చెప్పరు.

16 సాళ్ల టమాటాకు ఒక సాలు బంతి వేయమని బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఏనాడో చెప్పింది. 45 రోజుల బంతి నారు, 25 రోజుల టమాటా నారు ఒకేసారి నాటితే రెండూ కలిసి పూతకొస్తాయి, తల్లి పురుగు బంతి మీదికి పోతుంది. ఎకరాకు నాలుగైదు లింగాకర్షక బుట్టలు కట్టాలి (ఈ రెండు పురుగులకూ ఎర వేర్వేరు, చూసి కొనండి). ఎన్.పి.వి. ద్రావణం సాయంత్రం పూట కొట్టాలి, ఎండకు దాని బలం పోతుంది. ఇవన్నీ అధికారుల కరపత్రాల్లో ఉన్నాయి. సరుకు ఎక్కడుంది? ఎరువుల బస్తాలు దించే రైతు సేవా కేంద్రంలో ఎర బిళ్లలు, ఎన్.పి.వి. ఎందుకు పెట్టరు?

కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడరాదని కేంద్రం 2005లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు కాగితం మీద, డబ్బా మన చేలో! మందు పనిచేయక పంట పోతే 1968 నాటి పురుగుమందుల చట్టంలో రైతుకు పరిహారం అన్న మాటే లేదు. వినియోగదారుల ఫోరానికి పోదామంటే చేతిలో బిల్లుండదు. అప్పు మీద ఇచ్చాడు గదా అని మనమూ అడగం. అప్పిచ్చినవాడు బిల్లు ఎగ్గొట్టొచ్చని ఏ చట్టంలో ఉంది?

మండల సమావేశానికి వచ్చే సభ్యులు ఈ పంటకు కొన్న మందుల బిల్లులు, ఖాళీ డబ్బాల మీది లేబుళ్లు తీసుకురండి. బిల్లు ఇవ్వని దుకాణాల పేర్లు రాసి, సంతకాలు పెట్టి, వ్యవసాయాధికారి చేతికే ఇద్దాం. రసీదు తీసుకునే లేద్దాం.