వినిపించని తెలుగు పుస్తకం

పిల్లలూ! చూపులేని విద్యార్థి ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవగలడా? మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముందు వీల్లేదన్నారు. అతడు కోర్టుకెళ్ళి సీటు సంపాదించాడు. తరువాత అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివాడు. ఇప్పుడు 2016 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలలు నూటికి కనీసం 5 సీట్లు 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి కేటాయించాలి.

సీటు సరే, మరి పుస్తకమో? ఆరుచుక్కల బ్రెయిలీ లిపి గొప్పదే. కాని కాలేజీ ఫిజిక్సు పుస్తకం బ్రెయిలీలోకి మారిస్తే మోయలేనన్ని సంపుటాలవుతుంది. అందుకే స్క్రీన్ రీడర్ వచ్చింది. ఇది కంప్యూటరులోని అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాము. ఎన్.వి.డి.ఎ. అనే దానిని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టాడు. ఆయనకూ చూపులేదు. అది ఉచితం, తెలుగూ చదువుతుంది.

అయినా మన పుస్తకాలు చాలావాటిని చదవలేదు! ఎందుకో చూడండి. కంప్యూటరుకు అక్షరమంటే ఒక సంఖ్య. యూనికోడ్ పద్ధతిలో 'అ'కు 3077, ఇంగ్లీషు పెద్ద 'ఎ'కు 65. పాత డి.టి.పి. ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలకే తెలుగు ఆకారాలు తొడిగారు. మన కంటికి చక్కని తెలుగు. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం. స్క్రీన్ రీడర్‌కు కళ్ళు లేవు గదా, లోపలున్నదే చదువుతుంది. పేజీని ఫొటోతీసి పెడితే అదీ లేదు, "బొమ్మ" అని ఊరుకుంటుంది.

అందుచేత కంప్యూటర్లు కొనిచ్చి చేతులు దులుపుకుంటే సాయం చేసినట్టు కాదని నా అభిప్రాయం. నోట్సు, ప్రశ్నపత్రం యూనికోడ్‌లో టైపు చేయించడానికి పైసా ఎక్కువ ఖర్చుకాదు. అలవాటైన ఫాంటు వదలడమే కష్టం, అంతే! పటాలకైతే చేతిపని కావాలి. కుంభాకార కటకం గీసి, కిరణాల వెంట అట్టమీద నూలుదారం అంటించండి. వేళ్ళు దాన్ని ఇట్టే చదువుతాయి.

మీ దగ్గరున్న ఏదైనా తెలుగు పి.డి.ఎఫ్. తెరవండి. ఒక మాటను కాపీచేసి వేరేచోట అతికించండి. అదే మాట వస్తే ఆ పుస్తకం అందరిదీ. పిచ్చిగీతలు, ఇంగ్లీషు అక్షరాలు వస్తే ఆ కాగితం పట్టుకొని మీ సైన్సు మాస్టారి దగ్గరకు వెళ్ళండి.