అదిరే బల్లా, గుల్ల ఎముకలూ

పోయిన అమావాస్యకు తిరువళ్లూరు వీరరాఘవస్వామి దర్శనానికని తిరుత్తణి నుంచి ఒక అక్కయ్యగారు వచ్చి, మా ఇంట దిగినారు. తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసిన 1960లో పుట్టిన మనిషి. కుడిచేతికి కట్టు. పెరటి గడప తట్టుకొని పడి చెయ్యి ఊనగానే మణికట్టు విరిగినదట. తరువాత ఒక దుకాణదారు, "రోజూ ఈ అదిరే బల్లపై పది నిమిషాలు నిలబడితే చాలు, ఎముకలు ఉక్కవుతాయి, మాత్రలు అక్కరలేదు" అన్నాడట. గొలుసు అమ్మి ఆ బల్ల కొనవచ్చునా అని ఆమె ప్రశ్న.

వద్దన్నాము. ఎందుకో మన ఆడపడుచులందరికీ చెప్పవలసి ఉన్నది.

ముట్లుడిగిన తర్వాత ఒంట్లో ఈస్ట్రోజన్ తగ్గి, ఎముక కట్టుబడి కంటె కరుగుదల హెచ్చవుతుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, లోలోపల గుల్లబారుతుంది. బరువూ అదురూ తగిలితే ఎముక గట్టిపడుతుందన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. అమెరికాలో గొఱ్ఱెలను ఏడాదిపాటు, రోజుకు 20 నిమిషాలు, సన్నగా అదిరే బల్లపై నిలబెట్టగా తొడ ఎముకలోని జల్లెడవంటి భాగం 34 శాతం చిక్కబడినదని 2001లో ప్రకటించినారు. కాని మన అక్కయ్యగారు గొఱ్ఱె కారు గదా! కెనడాలోని టొరంటోలో ముట్లుడిగిన స్త్రీలు 202 మందిని ఏడాదిపాటు పరీక్షించినారు. అందరికీ కాల్షియం, విటమిన్ డి ఇచ్చినారు. రోజూ 20 నిమిషాలు బల్లపై నిలిచినవారికీ, నిలవనివారికీ ఎముక సాంద్రతలో తేడా లేదని 2011లో తేలినది. పైగా దుకాణాల్లో దొరికే బల్లలు కొన్ని ఆ పరిశోధనలో వాడినదానికంటె ఎన్నో రెట్లు గట్టిగా కుదుపుతాయి. గుల్లబారిన వెన్నెముకకు అది ప్రమాదం.

నిలుచున్న ఎత్తునుంచి పడినంతమాత్రాన ఎముక విరగడమే హెచ్చరిక. కట్టు కట్టించుకొని ఊరుకోరాదు. ఎముక సాంద్రత చూసే డెక్సా పరీక్ష కొద్ది నిమిషాల పని, నొప్పి లేదు. దానిని చూసి డాక్టరు మాత్రలు వ్రాస్తే బల్లను నమ్మి మానరాదు. రెండవమారు విరిగేది తుంటి ఎముక అయితే మంచం పట్టవలసి వస్తుంది.

ఆడికృత్తికకు కొండ 365 మెట్లూ ఎక్కవచ్చునా అని కూడా అడిగినారు. ముందు పరీక్ష కానివ్వండి. ఈ ఏటికి బండిదారి ఉండనే ఉన్నది. బల్లకు ఇచ్చిన బయానా మాటంటారా, రశీదిచ్చి మరిదిగారిని పంపండి.