ఏ.సి. గదులలో ఊపిరి సంగతి

రైల్వే కంట్రోలు కార్యాలయాలలో, రిజర్వేషన్ కేంద్రాలలో, తపాలా శాఖవారి కంప్యూటరు గదులలో, కొన్ని సార్టింగు హాళ్ళలో ఇప్పుడు ఏ.సి. యంత్రాలు వచ్చినవి. కార్మికులు ఏళ్ళతరబడి అడగగా కొన్ని వచ్చినవి. కంప్యూటర్లు వేడెక్కి ఆగిపోతాయన్న భయంచేత మరికొన్ని వచ్చినవి. (మనిషికి చెమట పట్టినప్పుడు మంజూరు కాని ఏ.సి. యంత్రానికి వేడి తగలగానే మంజూరయిందని సార్టింగు సోదరులు అనుకునే మాటలో అతిశయోక్తి తక్కువ.) ఎట్లా వచ్చినా మంచిదే. మే నెలలో విజయవాడలో రేకుల కప్పు కింద పనిచేసిన వారికి చల్లదనం విలువ మరొకరు చెప్పనక్కరలేదు.

అయితే ఏ.సి. బిగించిన రోజున జరిగే మరొక పనిని మనం గమనించవలసి ఉన్నది. కిటికీలు మూసివేస్తారు. వెంటిలేటర్లకు ప్లైవుడ్ కొట్టిస్తారు. ఎగ్జాస్టు ఫ్యాను ఉన్న రంధ్రానికి అట్ట అడ్డుపెడతారు. గోడకు తగిలించే స్ప్లిట్ ఏ.సి. బయటి గాలిని లోపలికి తేదు. గదిలోని గాలినే పీల్చి, చల్లబరచి, తిరిగి ఆ గదిలోకే వదలుతుంది. పదిమంది వదలిన ఊపిరినే ఆ పదిమంది ఎనిమిది గంటలపాటు మళ్ళీ మళ్ళీ పీలుస్తారు. నైటు డ్యూటీలో తెల్లవారుజామున తల దిమ్మెక్కుతున్నదని, కళ్ళు మంటలని సెక్షన్ కంట్రోలర్లు చెప్పినప్పుడు, “ఏ.సి. ఇచ్చాము గదా, ఇంకేమి కావాలి?” అనే సమాధానాన్ని ఈ వ్యాసకర్త ఒకటి కంటె ఎక్కువ కార్యాలయాలలో విన్నాడు.

ఇది కొత్తగా కనిపెట్టిన ఫిర్యాదు కాదు. మ్యూనిక్ నగరవాసి మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ 1858లోనే గది గాలి మంచిచెడ్డలను కొలవడానికి ఒక గుర్తు చెప్పినాడు. మనుషులు వదలే బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, గది గాలిలో వెయ్యింట ఒక పాలు మించితే ఆ గాలి చెడినట్లే లెక్క. ఆ మోతాదులో ఆ వాయువే విషమని కాదు. ఒకరి ఊపిరి మరొకరి ఊపిరితిత్తులలోకి ఎంత పోతున్నదో అది తెలుపుతుంది. నేడు బయటి గాలిలో ఇది పదిలక్షల పాళ్ళలో సుమారు 420 పాళ్ళు. కూర్చుని పనిచేసే మనిషి గంటకు సుమారు 18 లీటర్లు వదలుతాడు. మనిషి ఒక్కింటికి సెకనుకు 10 లీటర్ల బయటి గాలి అందితే గదిలో అది 900 దాపున నిలుస్తుంది. ఒక్క లీటరే అందితే లెక్క 5,000 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్చిలో నివాసేతర భవనాలకు కనీసంగా చెప్పినది కూడా ఆ 10 లీటర్లే.

ఆ ఒక్క లీటరు గాలిలో ఏమి జరుగుతుందో 2020 జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో ఒక హోటలు చూపినది. వూహాన్ నుండి వచ్చిన ఒక కుటుంబం అక్కడ భోజనం చేసినది. పక్క బల్లల వద్ద కూర్చున్న రెండు కుటుంబాలతో కలిపి మొత్తం పదిమందికి కోవిడ్ సోకినది. వారందరూ ఒకే ఏ.సి. గాలి సుడిలో కూర్చున్నవారు. తరువాత శాస్త్రజ్ఞులు కొలిచి చూడగా అక్కడ మనిషికి అందిన బయటి గాలి సెకనుకు సుమారు ఒక లీటరు మాత్రమే. క్షయ కూడా గాలి ద్వారానే వ్యాపిస్తుందన్నది మన దేశపు కార్మికునికి ఒకరు గుర్తుచేయవలసిన విషయం కాదు.

ఈ సంగతి రైల్వే యాజమాన్యానికి తెలియదనడానికి వీలులేదు. 2020లో ఏ.సి. బోగీలలో గాలిని గంటకు 6 నుండి 8 సార్లు మార్చే పద్ధతిని సవరించి, 16 నుండి 18 సార్లు మార్చేటట్లు చేసినామని రైల్వే అధికారులే ప్రకటించినారు. అందుకు విద్యుత్తు ఖర్చు 10 నుండి 15 శాతం పెరుగుతుందని కూడా అన్నారు. ప్రయాణీకునికి చేసిన ఏర్పాటు సరి అయినదే. ఆ బండిని నడిపించే కంట్రోలరు గదికి అదే ఆలోచన ఎందుకు పోలేదన్నదే మన ప్రశ్న.

దీనికి వచ్చే జవాబు కరెంటు బిల్లు. కష్టపడి చల్లబరచిన గాలిని బయటికి తోసి, మండుటెండలోని గాలిని లోపలికి తెస్తే ఖర్చు పెరగదా అంటారు. పెరుగుతుంది. ఆ ఖర్చును తగ్గించే సాధనం ఉన్నదని మాత్రం చెప్పరు. దాని పేరు ఎనర్జీ రికవరీ వెంటిలేటరు, క్లుప్తంగా ఇ.ఆర్.వి. ఒక పెట్టె, అందులో రెండు ఫ్యాన్లు. ఒకటి చెడిన గాలిని బయటికి పంపుతుంది, రెండవది బయటి గాలిని లోపలికి తెస్తుంది. పెట్టె మధ్యలో దొంతరగా పేర్చిన పలుచని పొరల గుండా ఈ రెండు గాలులు ఒకదాని పక్క నుండి మరొకటి, కలిసిపోకుండా, సాగిపోతాయి. బయటికి పోయే గాలి తన చల్లదనాన్ని వచ్చే గాలికి అప్పగించి మరీ పోతుంది. శీతాకాలంలో ఢిల్లీవంటి చోట ఇదే పని తిరగబడి జరుగుతుంది. పోయే వెచ్చదనం లోపలికి మళ్ళుతుంది.

ఇరవైమంది పనిచేసే గదిని తీసుకుందాము. సెకనుకు 200 లీటర్ల గాలి కావాలి. 40 డిగ్రీల పొడి గాలిని 25కు దించడానికి సుమారు ఒక టన్ను ఏ.సి. శక్తి పడుతుంది. నూటికి 70 వంతులు తిరిగి రాబట్టే పెట్టె ఉంటే ఆ గాలి 29.5 డిగ్రీలకు దిగి గదిలోకి వస్తుంది. టన్నులో మూడోవంతు శక్తి చాలు. ఫ్యాన్లకు కొంత కరెంటు పోతుంది, దానిని దాచనక్కరలేదు.

విశాఖ, కాకినాడ, చెన్నై వంటి తీరప్రాంతాలలో లెక్క వేరు. అక్కడ 35 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గాలిని అదే గదికి తగినట్లు చేయడానికి సుమారు రెండున్నర టన్నులు కావాలి. అందులో నాలుగింట మూడు వంతులు తేమను తీయడానికే ఖర్చవుతుంది. హీట్ రికవరీ వెంటిలేటరు అని మరొక రకం ఉన్నది; దాని లోహపు రేకులు వేడిని మారుస్తాయి గాని తేమను ఆపలేవు. అది చలిదేశాలకు పనికివచ్చే వస్తువు. తేమను కూడా ఒక గాలి నుండి మరొక గాలికి మార్చే పొర ఉన్నదే మనకు కావలసినది. టెండరులో ఈ ఒక్క మాట తప్పిపోతే ఉక్క గదిలోకి వస్తుంది, తిట్లు మనకు వస్తాయి.

రన్నింగ్ రూముల విషయం ఇంకా తీవ్రమైనది. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల గదిలో ఇద్దరు లోకో పైలట్లు తలుపు మూసుకుని నిద్రిస్తే, గాలి బొత్తిగా కదలని పక్షంలో బొగ్గుపులుసు వాయువు గంటకు సుమారు 500 పాళ్ళ చొప్పున పెరుగుతుంది. తలుపు సందులు కొంత కాపాడుతాయి. ఆ సందుల దయ మీద ఆధారపడి నిద్రించి లేచిన మనిషి చేతికి వందలాది ప్రయాణీకులతో బండిని అప్పగిస్తున్నాము.

చట్టం ఏమంటున్నది? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షను స్వచ్ఛమైన గాలి ప్రసరణను యజమాని బాధ్యతగా నిర్ణయించినది. దానికి బదులుగా 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడు 23వ సెక్షనులో కూడా గాలి ప్రసరణ, ఉష్ణోగ్రత, తేమ అన్న మాటలున్నవి. అయితే ఆ కోడు మొదటి సెక్షనే కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలను మినహాయించినది. అక్కడ కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవారికి మాత్రం వర్తింపజేసినది. అనగా ఒకే గదిలో ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలి ఊపిరికి కాగితం మీద రక్షణ ఉన్నది, బల్ల వద్ద కూర్చున్న గుమాస్తాకు లేదు. 2017 నాటి ఇంధన పరిరక్షణ భవన నియమావళి కూడా గాలి నుండి శక్తిని తిరిగి రాబట్టే యంత్రాలను హోటళ్ళలోను, ఆసుపత్రులలోను ఉండే కొన్ని పెద్ద వ్యవస్థలకే తప్పనిసరి చేసినది. కనుక దీనిని బేరమాడి సాధించుకొనవలసినదే.

అడిగేటప్పుడు విచక్షణ అవసరం. కిటికీలు, సీలింగు ఫ్యానుతో సరిపోయే పల్లె బ్రాంచి పోస్టాఫీసుకు ఈ పెట్టె అనవసరం. మెయిలు సంచుల దుమ్ము లేచేచోట ఆ దుమ్మును పుట్టినచోటనే పీల్చే ఏర్పాటు వేరుగా ఉండాలి. బయటి గాలే పొగమయమైన నగరాలలో మామూలు జల్లెడ చాలదు, సన్నని ధూళిని ఆపే ఫిల్టరు కావాలి. ఆ ఫిల్టరును ఎవరు, ఎన్ని నెలలకొకసారి మార్చాలో రాతపూర్వకంగా లేకపోతే, ప్రారంభోత్సవం నాడు తిరిగిన యంత్రం మరుసటి వేసవికి గోడమీద అలంకారమవుతుంది. ఇట్టి అలంకారాలు మన కార్యాలయాలలో ఇప్పటికే చాలినన్ని ఉన్నవి.

శాఖా కార్యదర్శులు ముందుగా చేయవలసినది కొలత. బొగ్గుపులుసు వాయువును చూపే చేతి మీటరు ఒక బ్రాంచి నిధికి మించిన ఖరీదు కాదు. ప్రతి మూసిన గదిలో షిఫ్టు మొదటి గంటలోను, చివరి గంటలోను, ఎంతమంది ఉన్నారో రాసి, అంకె పక్కన తేదీ, సమయం వేయండి. ఆ కాగితాలను జతచేసి రైల్వేలో పి.ఎన్.ఎం. సమావేశానికి, తపాలాలో జె.సి.ఎం.కు అంశంగా పంపండి. మొదట కంట్రోలు కార్యాలయాలు, రన్నింగ్ రూములు. తరువాత రాత్రి షిఫ్టులు నడిచే సార్టింగు హాళ్ళు. ఆలోగా ప్లైవుడ్ కొట్టిన వెంటిలేటర్లలో ఒకదానిని తెరిపించి, ఎగ్జాస్టు ఫ్యానును తిరిగి తిప్పించడానికి ఎవరి మంజూరు కోసమూ ఆగనక్కరలేదు.