ఖాళీ గడిలో ఉన్నోళ్లు

సెలెక్ట్, ఫ్రమ్, వేర్ అని నోట్సులో పదిసార్లు రాస్తే క్వెరీ వచ్చినట్టు కాదని నా అభిప్రాయం. 1974లో ఐబీఎంలో చాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు ఈ భాషను సీక్వెల్ పేరుతో మొదలుపెట్టారు. అది పరీక్షకు పనికొస్తది, సరే.

పోయిన వారం సారు మా క్లాసు 32 మందితో ఒక పట్టిక చేయించిండు. పేరు, తండా, మండలం, జిల్లా. వేర్ పెట్టి మెదక్ జిల్లా వాళ్లను అడిగితే 21 పేర్లు వచ్చినై. మెదక్ కానివాళ్లను అడిగితే 9. కూడితే 30! మిగతా ఇద్దరు ఏమైనట్టు? అందులో ఒకణ్ణి నేనే.

మాది నారాయణఖేడ్ దిక్కు తండా. 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లా, తర్వాత సంగారెడ్డి. నాయిన పాత కాగితాల్లో ఒకటి, నా ఆధార్‌లో ఇంకొకటి. ఏది రాయాల్నో తెల్వక గడి ఖాళీగా వదిలిన. ఖాళీని కంప్యూటర్ నల్ అంటది. దాన్ని దేనితో పోల్చినా అవుననదు, కాదనదు, తెలియదు అంటుంది. వేర్ మాత్రం అవునన్న వరుసలనే ఇస్తది. మెదక్ పట్నంలోనే చదువుతున్న నేను మెదక్ వాణ్ణీ కాను, కానివాణ్ణీ కాను! జిల్లా ఈక్వల్ నల్ అని రాసినా ఒక్క పేరూ రాలేదు. ఈజ్ నల్ అంటేనే మేమిద్దరం బయటపడ్డం.

ఇది నోట్సులో లేదు, తప్పు చేస్తేనే తెలిసింది. అందుకే వార్డెన్ సారూ, రాత తగ్గించి వారానికి ఇంకొక పీరియడ్ కంప్యూటర్ ముందు కూర్చోనియ్యండి. దుప్పట్ల లిస్టు తీసినప్పుడు కూడా పేర్లు లెక్కపెట్టి హాజరు పట్టీతో సరిచూడండి.

నేనైతే సంగారెడ్డి అని నింపిన. రెండోవాడు ఇంకా వాళ్ల నాయినను అడగలేదు.